‘రికమెండెడ్’లో ఉన్నవన్నీ ఉన్నా గేమ్ ఆగి ఆగి నడిచింది: ఒక పీసీ కేస్ స్టడీ

ముందు మెషిన్ వివరాలు. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ చొప్పున రెండు డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు, 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు. విండోస్‌కి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, గేమ్‌లకి 2 టీబీ హార్డ్ డిస్క్. మానిటర్ 1080పీ.

మెషిన్ తెచ్చిన కుర్రాడి ఫిర్యాదు ఒక్కటే: మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ గేమ్‌లో బయట తిరిగినంతసేపూ దాదాపు ఫర్వాలేదు, ఊళ్లోకి రాగానే జర్క్‌లు. అతను ఏం చేయాలో కూడా ముందే తేల్చుకుని వచ్చాడు. గ్రాఫిక్స్ కార్డు మార్చేయాలి, ఏ కార్డు కొనాలో నేను చెప్పాలి. ఆ తర్వాత డూమ్: ద డార్క్ ఏజెస్ అనే ఇంకో గేమ్ మొదలుపెడతాడట. “అన్నా, కొత్త కార్డు వేస్తే రెండూ లాగుతాయి కదా?” అన్నాడు.

ఈ కేసు రాయడానికి కారణం, అతను గుడ్డిగా వచ్చినవాడు కాకపోవడం. గేమ్ కొనేముందు స్పెక్స్ పట్టిక చూసుకున్నాడు. 2025 ఫిబ్రవరి 28న వచ్చిన వైల్డ్స్‌కి రికమెండెడ్ ప్రాసెసర్ల వరుసలో అతని రైజెన్ 5 3600 పేరే ఉంది. కార్డు ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ చాలన్నారు, అతని దగ్గరున్నది అంతకన్నా గట్టిది. ర్యామ్ 16 జీబీ, అదీ సరిపోయింది. భాగాల పేర్లు కొడితే పచ్చ టిక్ ఇచ్చే సైట్లు కూడా ‘ఓకే’ అన్నాయి. అయినా గేమ్ సాఫీగా నడవలేదు.

పట్టిక అడుగున ఉన్న వాక్యం

ఆ పట్టికలో అందరూ చదివేది భాగాల పేర్లు. అసలు విషయం ఆ పేర్ల కింద ఉన్న వాక్యంలో ఉంటుంది: ఏ రిజల్యూషన్‌లో, ఏ సెట్టింగ్‌లో, సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తాయో. వైల్డ్స్ రికమెండెడ్ వరుస మాట ఇచ్చింది 1080పీ, మీడియం సెట్టింగ్స్, 60 ఫ్రేములు. కానీ ఆ 1080పీ అప్‌స్కేల్ చేసినది, అంటే చిన్నగా గీసి సాగదీసినది, ఆ 60 ఫ్రేమ్ జనరేషన్ వేస్తే వచ్చేది. మినిమమ్ వరుస ఇంకా కింద: 720పీలో గీసి 1080పీకి సాగదీసిన బొమ్మ, అన్నిటికన్నా తక్కువ సెట్టింగ్స్, 30 ఫ్రేములు.

ఫ్రేమ్ జనరేషన్ అంటే రెండు అసలు ఫ్రేముల మధ్యలో ఒకదాన్ని ఊహించి అతికించడం. కంటికి 60 కనిపిస్తుంది, గేమ్ నిజంగా లెక్కకట్టేది 30. కంట్రోలర్ మీద బటన్ నొక్కితే గేమ్‌కి తెలిసేది ఆ అసలు ఫ్రేముల్లోనే కాబట్టి, బొమ్మ జారుతున్నట్టే ఉన్నా చేతికి మాత్రం బరువుగా తగులుతుంది. ఫ్రేమ్ జనరేషన్ వేయకముందే కనీసం 60 ఉండాలని ఎఫ్‌ఎస్‌ఆర్ 3 పేరుతో ఫ్రేమ్ జనరేషన్ తెచ్చిన ఏఎండీ వాళ్లే సూచిస్తారు. 30 నుంచి 60కి ఎక్కడానికి దాన్ని వాడమనడం ఆ సలహాకి ఎదురు నడవడమే. నన్నడిగితే ఫ్రేమ్ జనరేషన్ మీద ఆధారపడ్డ అంకెని రికమెండెడ్ అని రాయకూడదు. అది మినిమమ్.

కాబట్టి అతను చదివిన పట్టికలో అబద్ధం లేదు. పట్టిక ఇచ్చిన మాట, అతను మనసులో అనుకున్నది వేరువేరు. ‘సాఫీగా 60’ కావాలని కుర్రాడు నోటితో చెప్పాకే నేను పని మొదలుపెట్టాను. గురి ఏదో తేలకుండా లాగుతుందా లేదా అన్న ప్రశ్నకి జవాబు ఉండదు.

కొలత

ఇలాంటి పనికి నేను వాడే సాఫ్ట్‌వేర్లు: అంకెలు తెర మీద చూడ్డానికి ఆఫ్టర్‌బర్నర్‌తో వచ్చే రివాట్యూనర్, రికార్డు చేయడానికి క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్, ఉష్ణోగ్రతలకి హెచ్‌డబ్ల్యూఇన్ఫో. అన్నీ ఉచితమే. తెర మూలలో కనిపించే ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) అంకెని మాత్రం నేను నమ్మను. ఒక సెకనులో 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్క ఫ్రేము 115 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. మొత్తం 60 ఫ్రేములు, మీటర్ 60 చూపిస్తుంది. ఆడేవాడికి మాత్రం ఆ ఒక్క ఫ్రేము దగ్గర ఠక్కున ఆగినట్టు ఉంటుంది. సాఫీ 60 అంటే ప్రతి ఫ్రేమూ 16.7 మిల్లీసెకన్ల దగ్గర రావాలి. అందుకే సగటు పక్కన పెట్టి, ఒక్కో ఫ్రేముకి పట్టిన సమయం చూపే ఫ్రేమ్ టైమ్ గీతనీ, అన్నిటికన్నా నెమ్మదైన ఫ్రేముల వేగం చెప్పే ‘1 శాతం లో’ అంకెనీ చూస్తాను.

వైల్డ్స్‌కి ఉచిత బెంచ్‌మార్క్ (మెషిన్ వేగం కొలిచే నమూనా) ఉంది. గేమ్ కొనకుండానే నడిపి చూసుకోవచ్చు, మంచి పని చేశారు. కానీ అది చివర్లో ఇచ్చే స్కోరుని పట్టించుకోవద్దు. మొదటి భాగం చాలావరకు కట్‌సీన్లు, అక్కడ పని తేలిక కాబట్టి సగటు పైకి పోతుంది. అసలు పరీక్ష గడ్డి మైదానంలో మందలు కనిపించినప్పుడు మొదలై ఊళ్లో ముగుస్తుంది. నేను అక్కడి నుంచే రికార్డు చేస్తాను.

ఏమీ ముట్టుకోకుండా ముందు ఒకసారి నడిపాం. మైదానంలో గ్రాఫిక్స్ కార్డు వాడకం 97, 98 శాతం. అంటే కార్డు ఊపిరాడకుండా పనిచేస్తోంది. ఊళ్లోకి రాగానే కార్డు వాడకం 65 దగ్గరికి పడిపోయింది, ఫ్రేములు 40 చుట్టూ తిరిగాయి. కార్డులో మూడో వంతు ఖాళీగా ఉండగా ఫ్రేములు తగ్గాయంటే, దానికి పని అందడం లేదన్నమాట. ఇటుకలు అందించేవాడు నెమ్మదైతే మేస్త్రీ ఎంత పనిమంతుడైనా గోడ లేవదు. ఇక్కడ మేస్త్రీ కార్డు, ఇటుకలందించేది ప్రాసెసర్.

కుర్రాడు వెంటనే పట్టుకున్నాడు. “సీపీయూ 60 శాతమే చూపిస్తోంది కదన్నా, దానిక్కూడా ఖాళీ ఉంది!”

చాలామంది ఇక్కడే పొరబడతారు. 3600లో 6 కోర్లు, 12 థ్రెడ్లు. టాస్క్ మేనేజర్ చూపే శాతం ఆ పన్నెండింటి సగటు. ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తంలో అది 8.3 శాతమే. గేమ్‌లో ఒక ముఖ్యమైన థ్రెడ్ నిండిపోయి, మిగతావి దానికోసం కాచుకుని కూర్చుంటే, మొత్తం 60 శాతం చూపిస్తూనే గేమ్ ఈడుస్తుంది. అందుకే ప్రాసెసర్ శాతం చూడను, కార్డు శాతం చూస్తాను. కార్డు నిండకపోతే, ఫ్రేములకి మనం ఏ పరిమితీ పెట్టకపోతే, తప్పు దాని ముందున్న వాళ్లది.

దీనికి ఇంకో రుజువు ఉంది, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. రిజల్యూషన్‌ని 720పీకి దించి అదే చోట మళ్లీ నడపండి. ఫ్రేములు బాగా పెరిగితే ఇరుకు కార్డు దగ్గర. కదలకపోతే ప్రాసెసర్ దగ్గర. ఈ మెషిన్‌లో మైదానం చక్కగా పెరిగింది, ఊరు ఉన్నచోటే ఉంది. తెర మీద బొమ్మ ముతకగా, ఫ్రేములు అవే. “నువ్వు ఎంత పెద్ద కార్డు కొన్నా ఊళ్లో వచ్చేది ఇదే” అన్నాను. కొత్త కార్డు మాట ఆ రోజుకి ఆగింది.

ర్యామ్ సంగతి

ప్రాసెసర్ ఇరుకు అని తేలగానే ప్రాసెసర్ మార్చమనడం తొందరపాటు. ఉన్న ప్రాసెసర్ తన శక్తి మేరకు పనిచేస్తోందా అన్నది ముందు చూడాలి.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే స్పీడ్ 2400 అని ఉంది. స్టిక్కుల మీద స్టిక్కర్ 3200 అంటోంది. బోర్డు సెట్టింగ్స్ ఉండే బయోస్‌లో, మెమరీని ఆ స్పీడుకి తెచ్చే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఎవరూ ఆన్ చేయలేదు. ఇది నాకు రోజూ కనిపించేదే. మెమరీని 3200 అని అమ్ముతారు గానీ, ఆ స్పీడు మనం బయోస్‌లోకి వెళ్లి అడిగితేనే వస్తుంది.

రెండో సంగతి టాస్క్ మేనేజర్‌లో కనిపించదు. అక్కడ ‘4 స్లాట్లలో 2 వాడుకలో’ అని మాత్రమే ఉంటుంది, ఏ రెండో ఉండదు. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే, మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్న రెండు దారుల్లో (ఛానళ్లలో) ఒకటే నడుస్తోందని తేలింది. పక్క తలుపు తీసి చూశాం. రెండు స్టిక్కులూ పక్కపక్క స్లాట్లలో ఉన్నాయి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే 1, 2. ఈ బోర్డులో ఆ రెండూ ఒకే ఛానల్‌కి చెందినవి. రెండో ఛానల్ కొన్న రోజు నుంచీ ఖాళీ. మెషిన్ బిగించినవాళ్లు ఎవరో గానీ, చూడ్డానికి పొందికగా ఉంటుందని అలా పెట్టినట్టున్నారు. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో మామూలుగా రెండు స్టిక్కులకి 2, 4 స్లాట్లు. మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది, చూసుకుని పెట్టాలి.

లెక్క ఎంత తేడా చూపిస్తుందో చూడండి. 2400 స్పీడులో ఒక ఛానల్ అంటే సెకనుకి 19.2 జీబీ. 3200లో రెండు ఛానళ్లు అంటే 51.2 జీబీ. అవే స్టిక్కులు, అదే బోర్డు. పైగా ఈ తరం రైజెన్‌లో చిప్ లోపలి భాగాలని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ వేగం మెమరీ వేగంతో ముడిపడి ఉంటుంది. మెమరీ 2400లో ఉంటే అది 1200 మెగాహెర్ట్జ్‌లో, 3200లో ఉంటే 1600లో నడుస్తుంది. అంటే ఇన్నాళ్లూ ప్రాసెసర్ కూడా కాళ్లు కట్టేసుకుని పరిగెత్తింది.

స్టిక్కుల్ని 2, 4 స్లాట్లలోకి మార్చి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, మెమరీలో లోపాలు పట్టే మెమ్‌టెస్ట్86 ఒక విడత పూర్తిగా నడిపాం. ఎక్స్‌ఎంపీ వేశాక ఈ టెస్ట్ వదిలేయొద్దు. మెమరీలో చిన్న లోపం ఉన్నా గేమ్ మధ్యలో క్రాష్ అయినప్పుడు నింద గేమ్ మీదకి పోతుంది. లోపాలేమీ రాలేదు. మళ్లీ బెంచ్‌మార్క్ నడిపితే ఊళ్లో ఫ్రేములు 50 దాటాయి. అంతకన్నా నాకు సంతోషం వేసింది ఫ్రేమ్ టైమ్ గీత చూసి. అంతకుముందు రంపపు పళ్లలా ఉన్నది చాలావరకు చదునైంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

కూలర్ నిండా దుమ్ము ఉంది, ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటుతోంది. 3600కి గరిష్ఠ పరిమితి 95. శుభ్రం చేసి కొత్త థర్మల్ పేస్ట్ వేశాం. క్లాక్ కొద్దిగా పెరిగింది, అంతే. దీన్ని పెద్దది చేసి చెప్పను.

మైదానంలో జర్క్‌లు వేరే జాతివి

ఊరు కుదుటపడ్డాక మైదానం వైపు చూశాం. అక్కడ సగటు బాగానే ఉంది గానీ, గుర్రంలా వాడే ఆ పక్షి మీద వేగంగా పోతుంటే ఉన్నట్టుండి ఒక్కో ఫ్రేము పెద్దదైపోతోంది. దీనికి రెండు కారణాలు కలిశాయి.

ఒకటి, గేమ్ హార్డ్ డిస్క్ మీద ఉంది. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అని పట్టికలో రాసే ఉంది. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోయిందని కుర్రాడు హార్డ్ డిస్క్‌లో వేసుకున్నాడు. ఇన్‌స్టాలర్ వద్దనలేదు కాబట్టి చెల్లుతుందనుకున్నాడు. కొత్త గేమ్‌లు ముందున్న నేలని మనం చేరేలోపు డిస్క్ నుంచి చదువుకుంటూ పోతాయి. తిరిగే డిస్క్‌లో సూది ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికే మిల్లీసెకన్లు పడతాయి, ఇక్కడ మన బడ్జెట్టే 16.7. బోర్డు మీద ఎమ్.2 స్లాట్ ఖాళీగా ఉంది. అతని చేత నేను కొనిపించిన మొదటి వస్తువు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ.

రెండోది టెక్స్చర్లు, అంటే గేమ్‌లో వస్తువుల మీద పరిచే బొమ్మలు. ఉచితంగా వస్తోంది కదా అని హై రిజల్యూషన్ టెక్స్చర్ ప్యాక్ కూడా దించుకున్నాడు. దానికి 16 జీబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి, అతని కార్డులో ఉన్నది 8. టాస్క్ మేనేజర్‌లో డెడికేటెడ్ మెమరీ అంచుదాకా నిండి, షేర్డ్ మెమరీ గీత పైకి లేస్తుంటే కథ అర్థమైపోతుంది. కార్డులో పట్టనివి మామూలు ర్యామ్‌లోకి పొంగిపోతున్నాయి. 3060 టీఐకి తన సొంత మెమరీతో సెకనుకి 448 జీబీ దారి ఉంది. ర్యామ్ నుంచి తెచ్చుకోవాలంటే ఈ బోర్డులో కార్డు కూర్చునే పీసీఐఈ 3.0 స్లాట్ మీదుగా రావాలి, అక్కడ దారి 16 జీబీకి కాస్త తక్కువే. దాదాపు 28 రెట్ల తేడా. అలా పొంగిన ప్రతిసారీ ఒక జర్క్.

ప్యాక్ తీసేసి, టెక్స్చర్లు ఒక మెట్టు దించి, డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీలో పెట్టాం. 1080పీలో డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ అంటే కార్డు గీసేది 720పీ, మిగతాది అల్గారిథం పూరిస్తుంది. గడ్డిలో అక్కడక్కడా మసక తెలుస్తుంది, నిజం. దానికి బదులుగా మైదానం 60 మీద నిలబడింది. టెక్స్చర్ సెట్టింగ్ గురించి ఒక్క మాట: మెమరీలో పట్టినంతవరకు దాన్ని పెంచినా ఫ్రేములు పెద్దగా తగ్గవు, పట్టడం ఆగిన చోట ఒక్కసారిగా కూలుతుంది. అందుకే ఒక్కో మెట్టు పెంచుతూ, ఎక్కడ కూలుతుందో చూడాల్సిన సెట్టింగ్ అది. నీడలు, పొగమంచులాంటివి అలా కాదు, పెంచినకొద్దీ కొంచెం కొంచెంగా లాగుతాయి.

డూమ్ దగ్గర లెక్క తిరగబడింది

2025 మే 15న వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ మినిమమ్ పట్టిక చూడగానే కుర్రాడికి మళ్లీ టెన్షన్. అందులో 8 కోర్లు, 16 థ్రెడ్ల ప్రాసెసర్ కావాలంది. రైజెన్ 7 3700ఎక్స్ లేదా కోర్ ఐ7 10700కె స్థాయి. తనది 6 కోర్లు. వైల్డ్స్‌లో ‘రికమెండెడ్’ అయిన ప్రాసెసర్ ఇక్కడ మినిమమ్‌కే అందలేదు.

పట్టికలో వరుసలన్నీ ఒక రకం కావు. కొన్ని గడపలు: అది లేకపోతే గేమ్ లోపలికే రానివ్వదు. కొన్ని వేగం గురించిన అంచనాలు: అది తక్కువైతే నెమ్మదిస్తుంది, అంతే. డూమ్‌కి గడప హార్డ్‌వేర్ రే ట్రేసింగ్, అంటే వెలుతురు కిరణాల్ని లెక్కకట్టే యూనిట్లు కార్డులోనే ఉండాలి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ గేమ్‌కీ అదే. ఈ రెంటికీ మినిమమ్‌లో ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఉంది. 11 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1080 టీఐ తన కాలంలో రాజు, చాలా పాత గేమ్‌ల్లో ఇప్పటికీ 6600తో పోటీ పడుతుంది, కానీ రే ట్రేసింగ్ యూనిట్లు లేవు కాబట్టి వెలుపలే ఉండిపోతుంది. ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీదీ అదే గతి. పాత కార్డు ఉన్నవాళ్లు ఎన్ని జీబీ, ఎంత స్పీడు అని చూసేముందు చూడాల్సింది ఈ గడపలనే. గడపలన్నీ హార్డ్‌వేరే అనుకోవద్దు. 2025 అక్టోబరులో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ ఆన్‌లో లేకపోతే నడవదు. బలమైన మెషిన్ అయినా బయోస్‌లో ఒక స్విచ్ దగ్గర ఆగిపోతుంది.

కోర్ల లెక్క గడప కాదు. తక్కువున్నంత మాత్రాన డూమ్ తలుపు వేయదు. కాబట్టి కొని చూడమన్నాను. గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల్లోపు ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. గేమ్ తెరిచి ఉన్నంతసేపూ ఆ గడియారం నడుస్తూనే ఉంటుంది, మొదట్లో షేడర్లు (కార్డుకిచ్చే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నప్పుడు కూడా. అందుకే కథ చూస్తూ కూర్చోకుండా, నేరుగా రద్దీ పోరాటంలోకి వెళ్లి ఫ్రేమ్ టైమ్ రికార్డు చేసుకోమన్నాను.

డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీతో, టెక్స్చర్లకి కేటాయించే మెమరీని, అంటే టెక్స్చర్ పూల్ సైజ్‌ని, తగ్గించి ఆడితే 60 కిందకి జారింది అరుదు. ఆశ్చర్యం లేదు. వైల్డ్స్ ఒక పక్క మందలు, మనుషులు, వాతావరణం అన్నిటినీ ప్రాసెసర్ మీద లెక్కకడుతూ ఉంటుంది. డూమ్‌లో శత్రువులు ఎంతమంది ఉన్నా ఆ లోకం అంత చిక్కుగా ఉండదు, ఇంజిన్ కూడా కోర్లకి పనిని పొదుపుగా పంచుతుంది. పేరుకి మినిమమ్ కన్నా తక్కువ ప్రాసెసర్ మీద డూమ్ హాయిగా నడిచింది, రికమెండెడ్ ప్రాసెసర్ మీద వైల్డ్స్ ఇబ్బంది పడింది.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఈ పేర్లని ఇంకా అనుమానంగా చూడాలి. ఆర్‌టీఎక్స్ 4070 అంటే డెస్క్‌టాప్‌లో 12 జీబీ కార్డు, ల్యాప్‌టాప్‌లో 8 జీబీది. ల్యాప్‌టాప్ 4060కి తయారీదారు 35 వాట్లు ఇవ్వొచ్చు, 115 ఇవ్వొచ్చు. స్టిక్కర్ ఒకటే.

మిగిలింది

ఊళ్లో 50 చిల్లర దగ్గర ఆగిన ఫ్రేముల్ని 60కి తేవాలంటే ఇక ప్రాసెసరే మార్చాలి. అదృష్టం ఏంటంటే బోర్డు మార్చక్కర్లేదు. అదే ఏఎమ్4 సాకెట్‌లో రైజెన్ 5700ఎక్స్3డీ, 5800ఎక్స్3డీ ప్రాసెసర్లు కూర్చుంటాయి. వాటిలో ఎల్3 క్యాష్ 96 ఎంబీ, 3600లో 32. మెమరీ దాకా పోకుండా చిప్‌లోనే దొరికే సామాను మూడింతలు అవుతుంది, వైల్డ్స్ లాంటి గేమ్‌కి కావలసింది సరిగ్గా అదే. అవి దొరక్కపోతే 5600 కూడా మంచి మెట్టే. ఏది పెట్టినా పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. ముందు కొత్తది బిగించి, డిస్‌ప్లే రావట్లేదని మెషిన్ మోసుకొచ్చేవాళ్లు చాలామంది.

కుర్రాడు ప్రాసెసర్ తర్వాత చూస్తానన్నాడు. ఊళ్లో పోరాటాలు ఉండవు, అక్కడ 50 ఉంటే తనకి చాలట. సబబే. కార్డు మాట ఎత్తలేదు గానీ, 1440పీ మానిటర్ మీద కన్నేశాడు. 1080పీలో పిక్సెళ్లు 20,73,600, 1440పీలో 36,86,400, అంటే 1.78 రెట్లు. ఆ మానిటర్ వచ్చిన రోజున ఊళ్లో ఫ్రేములు పెద్దగా మారవు, మైదానం మాత్రం కార్డు మీద కూర్చుంటుంది, 8 జీబీ ముందుగా అడ్డం పడుతుంది. అప్పుడు కార్డు మార్చమని నేనే చెబుతాను. అదీ 720పీ పరీక్ష మళ్లీ చేశాకే.